పాత సామాన్ల దుకాణంలో కొన్న ఫ్రిజ్ 12 రోజులకే ఆగింది: వరంగల్, హన్మకొండలో ఏం చూసి కొనాలి?

సుబేదారి_సంధ్య
మా చెల్లెలు హన్మకొండలో బీఎడ్‌లో చేరింది. నాకూ ఇక్కడే ఉద్యోగం కావడంతో ఇద్దరం కలిసి రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. అడ్వాన్సు కట్టాక చేతిలో మిగిలింది 15 వేలు. అందుకే మంచం, కూలర్, ఫ్రిజ్ మూడూ పాత సామాన్ల దుకాణంలోనే కొన్నాం. మంచం, కూలర్ ఇప్పటిదాకా ఇబ్బంది పెట్టలేదు. 6,500 పెట్టి తెచ్చిన ఫ్రిజ్ మాత్రం 12వ రోజు పొద్దున తలుపు తీసేసరికి పాలు విరిగిపోయి, కింది అరలో కూరగాయలు వడలిపోయి ఉన్నాయి. దుకాణానికి ఫోన్ చేస్తే, "మీరు కొన్నప్పుడు నడిచింది కదమ్మా, ఇంటికి పోయాక ఏమైతే మాకేం సంబంధం" అన్నారు. వాళ్లు రసీదు ఇవ్వలేదు, మేము అడగనూ లేదు. డబ్బు మాత్రం ఫోన్‌లోనే పంపాను. దుకాణం పేరు ఇక్కడ రాయను. ఈ ఫ్రిజ్ విషయంలో ఇప్పుడేమైనా చేయగలమా? ఇకముందు ఇలాంటి దుకాణానికి వెళ్తే మాలాంటి వాళ్లు ఏం చూసుకోవాలి?

కాజీపేట_మెకానిక్
తప్పు ఎవరిదో చెప్పే ముందు మూడు సంగతులు తెలియాలి. ఫ్రిజ్‌ను నిలబెట్టి తెచ్చారా, పడుకోబెట్టి తెచ్చారా? తెచ్చిన ఎంతసేపటికి స్విచ్ వేశారు? ఇప్పుడు ఫ్రీజర్‌లో మంచు అంతటా పడుతోందా, ఒక మూలనే పడుతోందా?

సుబేదారి_సంధ్య
ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. దించిన అబ్బాయే వెంటనే స్విచ్ వేసి చూపించాడు. మంచు ఎడమ పక్క మూలలో అరచేయంత మేరే పడుతోంది, మిగతాదంతా తడిగా ఉంటోంది. మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంది.

హంటర్‌రోడ్_హరి
పడుకోబెట్టి తెచ్చి వెంటనే స్విచ్ వేస్తే అది మీ వైపు పొరపాటే అక్కా. దానికి దుకాణదారుణ్ని అనడం న్యాయం కాదు.

కాజీపేట_మెకానిక్
హరి గారూ, అంత తొందరగా తేల్చకండి. ఫ్రిజ్‌ను పడుకోబెడితే కంప్రెసర్ అడుగున ఉండే ఆయిల్ పైపుల్లోకి పారుతుంది. అది తిరిగి కిందికి దిగకముందే స్విచ్ వేస్తే కంప్రెసర్ దెబ్బతినవచ్చు, అందుకే నిలబెట్టి తేవాలి. తప్పనిసరై పడుకోబెడితే ఇంట్లో నిలబెట్టాక నాలుగైదు గంటలు ఆగి స్విచ్ వేయాలి. అంతవరకు మీ మాట నిజమే. కానీ సంధ్య గారు చెప్పిన లక్షణం వేరు. మోటారు ఆగకుండా తిరుగుతూ, మంచు ఒక్క మూలనే పడుతోందంటే చాలావరకు గ్యాస్ తగ్గిందని అర్థం. ఫ్రిజ్‌లో గ్యాస్ వాడుకతో అరిగిపోయేది కాదు, ఎక్కడో లీకు ఉంటేనే తగ్గుతుంది. లీకు వెతికి మూయకుండా గ్యాస్ మాత్రం నింపి అమ్మితే కొన్నాళ్లు చక్కగా నడిచి ఇలాగే ఆగుతుంది.

వెనకాల కంప్రెసర్ పక్కన కొస నొక్కేసిన సన్నటి రాగి గొట్టం ఒకటి ఉంటుంది. గ్యాస్ ఎక్కించేది అక్కడినుంచే. మిగతా గొట్టాలన్నీ నల్లబడి, దుమ్ము పట్టి ఉండి ఆ ఒక్క కొసా కొత్త అతుకుతో మెరుస్తుంటే ఈ మధ్యనే ఎవరో చేయి పెట్టారన్నమాట. దానికి, మంచు పడిన మూలకు ఫోటోలు తీసి పెట్టుకోండి. కంప్రెసర్ మీద స్టిక్కర్ కూడా చూడండి. ఆర్-600ఎ అని ఉంటే అది మండే గ్యాస్, పని తెలిసిన మనిషి చేత తప్ప అతుకు పెట్టించకండి.

మట్టెవాడ_మామ
మోటారు తిరిగే వస్తువేదీ పాతది కొనవద్దని నేను మా ఇంట్లో ఎప్పుడూ చెబుతుంటాను. కర్ర, ఇనుము, ఇత్తడి ఈ మూడే పాత దుకాణంలో కొనదగినవి. మా ఇంట్లో ఉన్న బీరువా 22 ఏళ్ల కింద పోచమ్మ మైదాన్ వైపు ఒక పాత సామాన్ల దుకాణంలో కొన్నది. తలుపు నడిమధ్యన బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలికి పోలేదు, అదొక్కటే చూసి బేరం చేశాను. పల్చటి రేకైతే నొక్కగానే గుంట పడి టక్కుమని తిరిగి పైకి వస్తుంది. కింది అర ఎత్తి అడుగు రేకు చూడాలి, తుప్పు మొదలయ్యేది అక్కడే. కర్ర సామాను అయితే కాళ్లకు, కింది భాగానికి చెదలు చూడాలి. వేలి కణుపుతో తట్టితే గట్టి కర్ర ఒక తీరుగా, లోపల తొలిచిన కర్ర బోలుగా పలుకుతుంది. పెంకుటిళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు దర్వాజలు, కిటికీలు ఎవరికైనా కావాలంటే ఇంటి పని మొదలుపెట్టక ముందే కొని పెట్టుకోండి. కట్టడం మొదలయ్యాక వెతికితే కొలత కుదరదు.

కొత్తవాడ_కోడలు
మామా, మీ మాట మీద గౌరవం ఉంది కానీ నేను ఒప్పుకోను. నా కుటుంబం నిలబడ్డది పాత మిషన్ మీద. పెండ్లయిన రెండో ఏడు, మగ్గం పని తగ్గి ఇంట్లో డబ్బుకు కటకటలాడుతున్నప్పుడు, 3,200 పెట్టి నల్లటి ఉషా తొక్కుడు మిషన్ కొన్నాను. కొత్తదే కొనాలని ఆగి ఉంటే నేను కుట్టు పని మొదలుపెట్టడానికి ఇంకో ఏడాది పట్టేది.

కుట్టు మిషన్ చూడడానికి వెళ్లేవాళ్లు ఇంటినుంచి రెండు గుడ్డ ముక్కలు తీసుకుపోండి, ఒకటి పల్చటి వాయిల్, ఇంకోటి నాలుగు మడతలు వేసిన జీన్సు ముక్క. ముందు దారం లేకుండా చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాలి. ఒక్కచోట పట్టినట్టు బిగుసుకుని మళ్లీ వదిలితే కింది దారం తిరిగే షటిల్ దగ్గర అరిగిందో, దారం ముక్కలు ఇరుక్కున్నాయో చూడాలి. తర్వాత దారం ఎక్కించి రెండు ముక్కల మీదా కుట్టి, కుట్టును పైనా కిందా తిప్పి చూడాలి. కింద దారం ఉండలు కట్టిందంటే భయపడనక్కర లేదు, పై బిగింపు సరిచేస్తే పోతుంది. కుట్టు మధ్యమధ్య తప్పుతుంటే మాత్రం ముందు కొత్త సూది వేయించి చూసి, అప్పటికీ తప్పితే వదిలేయండి. తోలు బెల్టు తెగి ఉందని, బల్ల పెచ్చులు లేచిందని మంచి మిషన్ తలను (కుట్టే పై భాగాన్ని) వదులుకోవద్దు. అవి మార్చుకునేవే.

మట్టెవాడ_మామ
కాలితో తొక్కేదాన్ని నేను మోటారు లెక్కలో వేయలేదమ్మా. అయినా నీ మాట కాదనను.

నర్సంపేట_పత్తిచేను
మామ చెప్పిన నియమం మా రైతులకు కుదరదు. పంట చేతికొచ్చే నెల ముందు బోరు మోటారు కాలిపోతే కొత్తదానికి అప్పు ఎవరిస్తారు? ఆ రోజుల్లో వైండింగ్ దుకాణంలో పాత మోటారే దిక్కు. నేను ఒకసారి 5 హెచ్‌పీ మోటారు రాగి వైండింగ్ అని చెబితే నమ్మి తెచ్చాను, 40 రోజులకు కాలింది. విప్పి చూస్తే లోపల అల్యూమినియం తీగ. అప్పటినుంచి మూత విప్పి తీగ చూపించనిదే బయానా ఇవ్వడం లేదు. తీగ మీద వార్నిష్ ఉంటుంది కాబట్టి రంగు చూసి మోసపోవచ్చు, కొస దగ్గర కొంచెం గీకి చూపించమనాలి. షాఫ్టును చేత్తో తిప్పి బేరింగు గరగరలాడుతుందో లేదో వినాలి. మెగ్గర్, అంటే తీగ మీది పూత కరెంటును ఆపుతోందో లేదో చూసే మీటరు, ఉన్న దుకాణమైతే ఇన్సులేషన్ పరీక్ష మన కళ్ల ముందే చేయించుకోవాలి.

హంటర్‌రోడ్_హరి
మెకానిక్ గారూ, మీరు చెప్పాక నాది తొందరపాటని తెలిసింది. సంధ్య అక్కా, ఆ గొట్టం చూశారా?

సుబేదారి_సంధ్య
ఇప్పుడే ఫ్రిజ్ ముందుకు జరిపి చూశాను. మెకానిక్ గారు చెప్పినట్టే ఉంది. అన్ని గొట్టాల మీదా దుమ్ము, ఆ ఒక్క కొస మాత్రం బంగారు రంగులో మెరుస్తోంది. ఫోటోలు తీశాను.

చౌరస్తా_దుకాణం
నేను 14 ఏళ్లుగా ఇదే వ్యాపారం చేస్తున్నాను కాబట్టి మా వైపు కూడా చెప్పనివ్వండి. 3,000కు కొన్న ఫ్రిజ్‌కు ఆటో ఖర్చు, మెకానిక్ కూలీ, రబ్బరు, పెయింటు కలిపి ఇంకో 1,500 అవుతుంది. అది అమ్ముడుపోయేదాకా, ఒక్కోసారి మూడు నాలుగు నెలలు, కిరాయి కట్టే జాగాలో నిలబడి ఉంటుంది. అందులో మిగిలేది మీరు అనుకున్నంత ఉండదు. అయినా లీకు మూయకుండా గ్యాస్ నింపి అమ్మడం తప్పే, దాన్ని నేను సమర్థించను. నా దగ్గర కొన్నవాళ్లకు కంప్రెసర్‌కు, గ్యాస్‌కు 3 నెలలు నోటి మాట ఇస్తాను, ఇప్పటిదాకా తప్పలేదు. వచ్చేవాళ్లకు నా సలహా ఒకటే. సాయంత్రం రద్దీలో రాకండి, పొద్దున రండి. వచ్చే ముందు ఫోన్ చేసి "ఫలానా ఫ్రిజ్‌కు కరెంటు పెట్టి ఉంచండి" అని చెప్పండి. మీరు వచ్చేసరికి నాలుగు గంటలు నడిచి ఉంటే దాని సంగతి అదే చెబుతుంది.

లెక్కల_సారు
దుకాణం గారూ, మీ నిజాయతీని శంకించడం లేదు, కానీ నోటి మాట ఎందుకు, కాగితం మీద ఎందుకు రాయరు? బిల్లు ఇస్తే పన్ను మీద పడుతుందని చాలామంది వెనకాడతారు. జీఎస్టీలో పాత వస్తువులు కొని అమ్మేవారికి ప్రత్యేక పద్ధతి ఉంది. కొన్నప్పటి పన్నును వెనక్కి కోరకుండా, వస్తువును పెద్దగా మార్చకుండా అమ్మితే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య ఉన్న తేడా మీదే పన్ను లెక్కిస్తారు. నమోదు అవసరం లేనంత చిన్న దుకాణమైనా తెల్ల కాగితం మీద చిట్టీ రాసి ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు.

సంధ్యమ్మా, నీ దగ్గర రసీదు లేకపోయినా డబ్బు పంపిన రికార్డు ఉంది. అది సాక్ష్యమే. ముందు మర్యాదగా మాట్లాడు. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము కూడా లేదు.

చౌరస్తా_దుకాణం
మీరు అడిగింది సబబుగానే ఉంది సారూ. రాయకపోవడానికి అలవాటు తప్ప వేరే కారణం లేదు. ఈ నెలనుంచి చిట్టీ పుస్తకం పెడతాను.

నయీంనగర్_భరత్
నాకు కొనడంలో కాదు, అమ్మడంలో దెబ్బ తగిలింది. నా పాత బైకును, ఏపీ 36 నంబరుది, పాత బండ్లు కొనే ఒక వ్యాపారికి ఇచ్చి, అతను ఇచ్చిన ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి వచ్చేశాను. ఆరు నెలలకు కరీంనగర్‌లో హెల్మెట్ లేకుండా నడిపినందుకు నా పేరు మీద చలానాలు రావడం మొదలైంది. వ్యాపారిని అడిగితే బండి ఎవరికి పోయిందో కూడా సరిగ్గా చెప్పలేకపోయాడు.

విశ్రాంత_గుమాస్తా
భరత్ బాబూ, చలానాతో పోయింది కాబట్టి నయం, అదే ప్రమాదం జరిగి ఉంటే చాలా నష్టపోయేవాడివి. బండి ఎన్ని చేతులు మారినా రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే వారే యజమాని అని, పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో బండి అమ్మినప్పుడు అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఫారం 29 అమ్మకం తెలిపేది, ఫారం 30 పేరు మార్పు కోరేది. అప్పు మీద కొన్న బండి అయితే అప్పు తీరినట్టు ఫారం 35 కూడా కావాలి. కొనేవారి పేరు, తేదీ ఖాళీగా ఉన్న ఫారం మీద ఎన్నడూ సంతకం చేయవద్దు. పాత బండ్ల వ్యాపారులు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలనే నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. దుకాణంలో అడుగు పెట్టగానే అది చూపించమని అడగడంలో మొహమాటం అక్కర లేదు.

నిట్_పక్కవీధి
ఫోన్ల సంగతి కూడా ఇక్కడే రాస్తాను, ఎందుకంటే మా హాస్టల్ పిల్లలు ఎక్కువగా కొనేది అవే. దుకాణంలో ఫోన్ చేతిలోకి తీసుకోగానే *#06# కొడితే ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్‌కు ఉండే 15 అంకెల గుర్తింపు నంబరు, కనబడుతుంది. కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు వేస్తే ఆ ఫోన్ బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. దొంగ ఫోన్ అని తెలిసి కొంటే అదీ నేరమే. పాత శిక్షాస్మృతిలో 411వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 317. మా మిత్రుడు తెలియకుండానే కొన్నాడు, పోలీసులు పిలిచి ఫోన్ తీసుకున్నారు. కేసు పెట్టలేదు గాని కట్టిన 7,000 తిరిగి రాలేదు, అమ్మిన మనిషి మళ్లీ కనబడలేదు.

ఓరుగల్లు_శారద
అందరూ కొనడం గురించి రాస్తున్నారు. నేను అమ్మిన దాని గురించి రాయాలనుకుంటున్నాను.

మా అత్తమ్మ పోయిన తర్వాత పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీది ఇత్తడి సామాను మొత్తం దించాం. రెండు గంగాళాలు, నాలుగు బిందెలు, చెంబులు, తాంబాళాలు. ఇరుకు ఇంట్లో ఎక్కడ పెడతాం అనుకుని పాత సామాన్ల దుకాణంలో తూకానికి ఇచ్చేశాం. కాంటా మీద అన్నీ కలిపి పెట్టారు, కంచు గిన్నె కూడా ఇత్తడిలోనే కలిసిపోయింది. రాగి, తగరం కలిసిన కంచుకు ఇత్తడికంటే ధర ఎక్కువని నాకు అప్పుడు తెలియదు. కానీ నా బాధ డబ్బు గురించి కాదు. మూడు వారాల తర్వాత చెల్లెలి కొడుకుకు చదువుకునే బల్ల కొనడానికి అదే దుకాణానికి వెళ్తే, గల్లా పక్కన చెంబు ఒకటి పెన్నులు వేసుకోవడానికి పెట్టుకున్నారు. దాని మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు ఉన్నాయి. మా అత్తమ్మ పేరు, ఆమె పుట్టింటి ఊరి పేరు. పెండ్లి సామాన్ల మీద పేర్లు అలా కొట్టించేవారు కదా. 30 ఏళ్లు ఆ ఇంట్లో ఉండి నేను ఆ అక్షరాలు ఒక్కసారి కూడా చదవలేదు. పెన్నులు తీసి అక్కడే పెట్టి, చెంబు ఎంత అని అడిగాను. ఆయన అక్షరాలు చూసి, నన్ను చూసి, తూకం వేయకుండానే ఇచ్చేశారు. నేను డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. గంగాళాలు అప్పటికే కరిగించడానికి వెళ్లిపోయాయి.

కొత్తవాడ_కోడలు
శారదక్కా, చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అమ్మ బిందె మీద కూడా పేరు ఉంది. ఇప్పుడే తోమి చూశాను.

జనగామ_పడమటివీధి
శారద గారూ, మా దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు మీద నగిషీ పని చేసే కుటుంబాలు ఇంకా ఉన్నాయి, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాత ఇత్తడిని తూకానికి ఇచ్చే ముందు ఒకసారి పని తెలిసినవారికి చూపించండి. చేతితో కొట్టిన సామానుకు లోపలి వైపు సుత్తి దెబ్బల గుర్తులు వరుసగా కనబడతాయి. అలాంటిది లోహం ధరకు పోకూడదు.

కోట_ఖిలా
ఒక జాగ్రత్త కూడా రాయాలి. మన దగ్గర పొలాల్లో, పాత ఇండ్లలో దొరికిన విగ్రహాలు, శిల్పం ముక్కలు ఎవరైనా అమ్మకానికి చూపిస్తే ముట్టుకోవద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన అలాంటి వస్తువులతో, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులతో వ్యాపారం చేయడానికి లైసెన్సు ఉండాలి. కాకతీయుల నాటి రాయి ఒక ఇంటి అలంకారానికి పోతే గుడికి, ఊరికి మళ్లీ రాదు.

నిట్_పక్కవీధి
కూలర్ ఎవరికైనా కావాలంటే ఎండాకాలం కాకుండా వానలు పడ్డాక వెళ్లండి, బేరం కుదురుతుంది. అడుగున నీళ్ల తొట్టి మూలల్లో తుప్పు చూడండి. గడ్డి ఎలాగూ ఏటా మార్చాల్సిందే.

సుబేదారి_సంధ్య
పది రోజుల తర్వాత రాస్తున్నాను. ఆదివారం చెల్లెలు, నేను ఫోటోలు తీసుకుని దుకాణానికి వెళ్లాం. యజమాని మొదట గొంతు పెంచారు. లెక్కల సారు చెప్పినట్టు మేము గొంతు పెంచకుండా డబ్బు పంపిన రికార్డు, మంచు మూల, మెరిసే గొట్టం మూడూ వరుసగా చూపించాం. గొట్టం ఫోటో దగ్గర ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల మెకానిక్‌ను పిలిచి అడిగితే లీకు మూయలేదని అతనే ఒప్పుకున్నాడు. డబ్బు వాపసు ఇవ్వలేనని, కట్టిన 6,500 పూర్తిగా లెక్కలో వేసుకుని పైన 1,200 తీసుకుని వేరే ఫ్రిజ్ ఇస్తానని అన్నారు.

ఈసారి తొందరపడలేదు. దానికి కరెంటు పెట్టించి, బయట హోటల్లో భోజనం చేసి నాలుగు గంటల తర్వాత తిరిగి వచ్చాం. ఫ్రీజర్‌లో మంచు నాలుగు వైపులా సమానంగా ఉంది. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగి చూస్తే మూడు పక్కలా బిగువుగా ఉంది, కింద కీలు దగ్గర మాత్రం జారి వచ్చింది. రబ్బరు అక్కడికక్కడే మార్పించారు. స్టార్ లేబుల్ మీద ఐదు నక్షత్రాలు ఉన్నాయి గాని, దాని మీది సంవత్సరం పాతది. నక్షత్రాల లెక్క మధ్యలో కఠినం చేశారట కాబట్టి, వాటిని వదిలేసి ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్న అంకె చూసి ఒప్పుకున్నాం. చిట్టీ అడిగితే ముఖం చిట్లించారు, అయినా క్యాలెండర్ కాగితం వెనక రాసి సంతకం పెట్టారు. సీరియల్ నంబరు, తేదీ, గ్యాస్‌కు, కంప్రెసర్‌కు 3 నెలలు దుకాణం బాధ్యత, వైరు, బల్బు మావి. ఆటోలో నిలబెట్టి తాడు కట్టించాం, చెల్లెలు వెనక నిలబడి పట్టుకుంది. రాత్రి 9 దాటాకే స్విచ్ వేశాం.

చౌరస్తా_దుకాణం
ఆ చిట్టీ ఫోటో పెట్టగలరా అమ్మా, పేర్లు కనబడకుండా? నా పుస్తకంలో అదే తీరుగా అచ్చు వేయించుకుంటాను.

కాజీపేట_మెకానిక్
నాకు 13వ రోజు పొద్దున ఫ్రీజర్ మంచు ఫోటో పెట్టండి సంధ్య గారూ. అప్పటిదాకా పాలు కొంచెంగానే తెచ్చుకోండి.